రెండో ఆదివారం పిల్లల మార్పిడి

ఎనిమిదేళ్ల వయసులో మద్రాసు హైకోర్టులో జడ్జిగారి ముందు నిలబడి మా అమ్మానాన్నల కేసుకు తీర్పు చెప్పినవాణ్ణి నేను. నల్లకోటు వకీళ్లు ఇటు పదిమంది, అటు పదిమంది. జడ్జిగారు కళ్లజోడు తీసి, పంచెకొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "బాబూ, నువ్వు ఎవరి దగ్గర ఉంటావు?" అని అడిగారు. నేను తడుముకోలేదు. "మా అమ్మ దగ్గర" అన్నాను. కోర్టంతా సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. "ఇంత చిన్నవాడికి ఇంత నిబ్బరమా!" అని జడ్జిగారు కలం పక్కన పెట్టేశారు. ఈ కథ బళ్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, పెళ్లిచూపుల్లో మా ఆవిడకూ చెప్పాను. ఆ నిబ్బరం నచ్చే నన్ను చేసుకున్నానని ఆవిడ కొంతకాలం అనేది. తర్వాత అనడం మానేసింది. జడ్జిగారు కోర్టులో పంచె ఎందుకు కట్టుకున్నారని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. మనుషులు కథలో పడితే అంతే.

ఈమధ్య మా అమ్మాయి సునందతో నిజంగానే కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. సునంద, మా అల్లుడు ప్రదీప్ విడిపోతున్నారు. ఇద్దరూ సిరుసేరి వైపు కంప్యూటరు కంపెనీల్లో పనిచేస్తారు. అరుపులు లేవు, కేకలు లేవు. ఒకే ఇంట్లో ఇద్దరు వేరువేరుగా అద్దెకున్నట్టు రెండేళ్లు గడిపి, ఇక చాలనుకున్నారు. తేలవలసింది పిల్లల సంగతొక్కటే. మేఘనకు పదకొండేళ్లు, విహాన్‌కు ఏడు. అల్లుడికి పూనా బదిలీ అయింది. ఆడపిల్ల ఇక్కడ తల్లితో, మగపిల్లవాడు అక్కడ తండ్రితో, నెలకొకసారి వీడు ఇటు, అది అటు. వాళ్లు అనుకుంటున్నది ఇదీ. అక్కడి కౌన్సెలింగ్ అమ్మ నెమ్మదస్తురాలు. "బాగా ఆలోచించుకుని, ఒక మాట మీదికొచ్చి, కాగితం మీద రాసుకుని సోమవారం రండి" అని పంపించింది.

ఆ అమ్మ గది పక్కన పిల్లల కోసం ఇంకో గది ఉంది. గోడల నిండా చేపలు, ఏనుగులు. కింద మెత్తటి రబ్బరు చాపలు, జారుడుబల్ల, రంగు పెన్సిళ్లు. విడిపోయే అమ్మానాన్నలు పిల్లలతో కూర్చోవడానికట. విహాన్ అక్కడ జారుతుంటే నేను గడప దగ్గర నిలబడి చూశాను. డెబ్బై మూడేళ్ల ముసలాణ్ణి, సొంత మనవణ్ణి చూసి అసూయపడ్డాను. వీళ్ల కోసం ఒక ప్రభుత్వం ఏనుగుల బొమ్మలు వేయించింది. నాకోసం ఎవరు వేయించారు? వీడికి రెండు ఇళ్లలో రెండు మంచాలు ఉంటాయి. సాయంత్రమైతే ఫోనులో తండ్రి ముఖం కనబడుతుంది. మా నాన్న ముఖం చూడాలంటే నేను నెలంతా కేలెండరు చూసేవాణ్ణి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సునంద అడిగింది. "నాన్నా, నువ్వూ సరోజత్తా అట్టానే గదా పెరిగినారు, చెరొక ఇంట్లో? ఎట్టా ఉండేది? నిజం చెప్పు."

నిజం చెప్పు అంటే నాకు నోట్లో నీళ్లూరతాయి. "రాజా మాదిరి పెరిగినానమ్మా. రెండిళ్లు, రెండు తిండ్లు. ఎవురికుంటాది ఆ భాగ్యం? ఏం తక్కువైంది నాకు?" అన్నాను.

"అయితే సరే" అంది సునంద. ఆ రాత్రే కాగితం రాయడం మొదలుపెట్టింది. నా మాట మీద రాస్తోందని తెలిసి నాకు మొదట గర్వం వేసింది. గర్వం అరిగాక నిద్ర పట్టలేదు. అందుకే ఇవన్నీ తవ్వుకుంటున్నాను.

మా నాన్న సినిమాలకు బట్టలు కుట్టేవాడు. రాజులకు, మంత్రులకు, చెలికత్తెలకు, అప్పుడప్పుడు దేవతలకు. టి. నగర్‌లో పాండీబజారు వెనక సందులో రెండు గదుల వాటా మాది. ముందు గది మిషన్లది, వెనక గది మాది. పొద్దున లేవగానే నాన్న చేసే మొదటి పని మిషనుకు నూనె వేయడం. సన్నటి ముక్కున్న డబ్బాతో ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క వేసి, పాత గుడ్డతో తుడిచి, చక్రం రెండుసార్లు ఊరికే తిప్పి, చెవి ఆనించి వినేవాడు. ఆ తర్వాతే పళ్లు తోముకోవడం. ఇంటి నిండా మిషను నూనె, గంజి, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద కమిలిన తడిగుడ్డ వాసన. దానిమీదికి వెనక గది నుంచి అమ్మ రసం పోపు. ఈ రెండు వాసనలూ కలిసేచోట, రెండు గదుల నడుమ గడప మీద నేను కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ దర్జీ కొట్టు ముందు నడిస్తే నాకు ఆకలేస్తుంది.

ముందు గది మూల తలలేని చెక్కబొమ్మ ఉండేది. నాన్న కుట్టిన బట్టలన్నీ ముందు దానికి తొడిగి చూసేవాడు. దాని చుట్టూ తిరుగుతూ, నోట్లో గుండుసూదులు పట్టుకుని, వెనక్కి జరిగి, కళ్లు చికిలించి చూసేవాడు. అమ్మ దాన్ని "నా సవితి" అనేది. "దానికి కట్టినన్ని కోకలు నాకు కట్టలా. దాన్ని చూసినట్టు నన్నొక్కనాడు చూడలా" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత నవ్వకుండా అనేది. నాన్న నోట్లో సూదులుండేవి కాబట్టి జవాబు చెప్పేవాడు కాదు. వాళ్లు విడిపోవడానికి అసలు కారణం చెక్కబొమ్మేనని నేను చాలామందికి చెప్పాను. అది కూడా నమ్మేశారు. నిజమేమిటో నాకు తెలియదు. పిల్లలకు ఏం తెలుస్తుంది, గొంతులు మారడం తప్ప?

అసూయ అమ్మ నుంచే నాకొచ్చి ఉండాలి. నా సవితి మా అక్క సరోజ. నాకంటే నాలుగేళ్లు పెద్దది. సన్నటి వేళ్లు. నాన్న మిషను పక్కన పీట వేసుకుని కూర్చుని, చమ్కీలు కుట్టేది, కాజాలు తీసేది. "సరోజా, సూదిలో దారం" అని నాన్న చెయ్యి చాపితే, ముఖం ఎత్తకుండానే సూది ఆ వేళ్ల మధ్యకు వచ్చేది. నేనూ సూది పట్టుకోబోయాను ఒకసారి. నాది ఎడమచేతివాటం. నాన్న నవ్వి, "పుర్రచేత్తో పట్టేవోడికి నేనేం నేర్పించేదిరా, నాకే తలకిందులైపోతాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అరవై అయిదేళ్లయింది, ఆ నవ్వు నాకు ఇంకా అరగలేదు.

ఇక కోర్టు సంగతి. హైకోర్టు లేదు. జడ్జి లేడు. ఇరవైమంది వకీళ్లూ లేరు. తొండియార్‌పేటలో మా అమ్మ పుట్టింటి నడవలో ఒక బల్ల మీద మా అమ్మ చిన్నాన్న మునస్వామి తాత కూర్చున్నాడు. కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నది ఆయనే. ఆ ఒక్క ముక్కా నిజం. తాత వ్యాసర్పాడి యార్డులో గూడ్సుబండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయినా బండి దిగలేదు. ఏడూ పదికి టిఫిను, పన్నెండూ ఇరవైకి భోజనం. నిమిషం ఆలస్యమైతే గోడకు తగిలించిన ఈల తీసి ఊదేవాడు. ఇంట్లో ఎవరికి తగాదా వచ్చినా ఆయన దగ్గరికే. అయినవాళ్లందరికీ ఆయన మాటే సిగ్నలు. కాగితాలు తర్వాత ఎప్పుడో కోర్టులో నడిచాయి గానీ, మా నలుగురినీ రెండుగా కోసింది ఆ నడవలోనే.

ఆ పొద్దు నాన్న చాప మీద కూర్చున్నాడు, అమ్మ తలుపు వెనక. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. బయటినుంచి తారుపూసిన తాళ్ల వాసన, ఎండుచేపల వాసన, హార్బరు బొగ్గు పొడి. నాన్న సరోజను తనకిమ్మని అడిగాడు. ఆ రోజుల్లో ఏ తండ్రీ ఆడపిల్లను అడగడు, కొడుకునే అడుగుతాడు. మా నాన్న కూతుర్ని అడిగాడు. నేను మిగిలాను. మిగిలినదాన్ని అమ్మ తీసుకుంది. నన్నెవరూ ఏమీ అడగలేదు. నిబ్బరం గురించి ఇన్నాళ్లూ చెప్పుకున్నవాడు నిజానికి గోడ సున్నం గోటితో గీకుతూ నిలబడ్డాడు. ఈ ముక్క మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తాత తీర్పు ఇట్లా చెప్పాడు. "ఒంటిలైను మీద రెండు బండ్లు ఎదురుబొదురు రాగూడదు. అందుకే టోకెను పెట్టినారు. డ్రైవరు చేతిలో ఉండే టోకెను ఇచ్చి, ఇంకోటి తీసుకుంటేనే బండి కదలాల. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకో. అప్పుడే యాక్సిడెంటు కాదు." అంటే నేను నాన్న దగ్గరికి వెళ్లే రోజున సరోజ అమ్మ దగ్గరికి రావాలి. ఒక ఇంట్లో ఎప్పుడూ ఒక్కరే ఉండాలి, ఇద్దరు కాదు. పెద్దవాళ్లందరూ తల ఊపారు. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు, భలే న్యాయం అన్నారు. రైలుబండ్లకు పనికొచ్చిన సూత్రం పిల్లలకు పెడితే ఏమవుతుందో ఆ నడవలో ఒక్కరికీ తట్టలేదు. అక్కాతమ్ముళ్లం ఇక ఒకే కప్పు కింద ఉండబోమని ఎవరూ పైకి అనలేదు.

సినిమావాళ్లకు మామూలు ఆదివారాలు ఉండేవి కావు. నెలలో రెండో ఆదివారం మాత్రం స్టూడియోలన్నీ మూసేవారు. అదే మా మార్పిడి రోజు. హైకోర్టు ఎదురుగా ఉన్న బస్టాండులో తొమ్మిది గంటలకు తాత నన్ను తెచ్చేవాడు, నాన్న సరోజను తెచ్చేవాడు. తాత చేతిలో గడియారం. నా చెయ్యి నాన్న చేతిలో పెట్టి, సరోజ చెయ్యి తను పట్టుకునేవాడు. సాయంత్రం ఆరుకు మళ్లీ అక్కడే తిరుగు మార్పిడి. నా బాల్యంలో ఉన్న హైకోర్టంతా ఆ రోడ్డుకు అవతల ఎర్రటి గోడ, గుండ్రటి గోపురాలు. నెలనెలా చూసి చూసి అందులోకి నన్ను నేనే ఎక్కించుకున్నాను.

బస్సు వచ్చేదాకా అయిదు నిమిషాలు నాకూ సరోజకూ దొరికేవి. ఆ అయిదు నిమిషాలూ మేము ఆడుకోలేదు, ఒకర్నొకరు సోదా చేసుకున్నాం. ఆమె పావడా అంచుకు రాణిగారి ముఖమల్ ముక్క కుట్టి ఉండేది. నేను దాన్ని వేళ్లతో రుద్ది చూసేవాణ్ణి. ఆమె జడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాణ్ణి. మిషను నూనె, గంజి. మా ఇల్లు. ఆమె నా చొక్కా పట్టుకుని వాసన చూసేది. నా మీద ఏముండేది? అమ్మ నలిచిన శీకాయ, పోపు. "అమ్మ నన్ను అడిగిందా?" అనేది సరోజ ప్రతి నెలా, అదే మొదటి ప్రశ్న. "లేదే" అనేవాణ్ణి.

అది అబద్ధం. ఇది నా జీవితంలోకెల్లా పెద్ద అబద్ధం, హైకోర్టు దీని ముందు చిన్నపిల్ల. అమ్మ రోజూ అడిగేది. సరోజ ఏ పావడా వేసుకునింది, చిక్కిందా, జడ ఎవురేస్తా ఉండారు, దగ్గుతా ఉండాదా అని. రెండో ఆదివారానికి వారం ముందునుంచే అమ్మ దాయడం మొదలుపెట్టేది. వెన్న కాచి నెయ్యి దాచేది. నాకు పెట్టకుండా లేత వంకాయలు ఏరి పక్కన పెట్టేది. ఆ పొద్దున నేను తల దువ్వుకుని బయల్దేరుతుంటే పొయ్యి మీద పులుసు ఉడికేది, నేతి వాసన వీధిలోకొచ్చేది. పండగ రోజున పండగ ఇంట్లోంచి నన్ను బయటికి పంపుతున్నట్టుండేది. సాయంత్రం వచ్చేసరికి గిన్నె అడుగున మాడు మిగిలేది. అది గీక్కుని తింటూ, ఈ ఇంట్లో కూడా సరోజే పెద్ద అనుకునేవాణ్ణి. ఆమె అక్కడ నాన్నను తినేసింది, ఇక్కడికొచ్చి పులుసూ తినేసింది.

నాన్న నన్నేం చేసుకోవాలో తెలియక హోటలుకు తీసుకుపోయేవాడు. రెండు వడలు, ఒక హల్వా. తన వాటా కూడా నా ఆకులోకి జరిపి, తినేదాకా నన్నే చూస్తూ కూర్చునేవాడు. నేనేమో, సరోజకు రోజూ చేత్తో వండి పెడతాడు, నాకు మాత్రం హోటలు, నేను చుట్టాన్నా అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చాక టేపు తీసి నా భుజాలు, చేతులు, నడుము కొలిచేవాడు. చొక్కా కుట్టడానికి కాదు. కొలత పైకి చదివి, "పెరిగినావురా" అనేవాడు.

ఒక రెండో ఆదివారం చెక్కబొమ్మకు ఎర్ర ముఖమల్ రవిక తొడిగి ఉంది. ఏదో మహారాణిది. మెడ చుట్టూ వారం రోజులు కూర్చుని సరోజ చమ్కీలు కుట్టిందని నాన్న మురిసిపోతూ చూపించాడు. ఫ్లాస్కులో కాఫీ తేవడానికి నాన్న కిందికి దిగాడు. నేను పెద్ద కత్తెర తీసి ఆ మెడ దగ్గర ఒక్క కోత కోశాను. సరోజ సరిగా చూసుకోలేదని నాన్న తిడతాడు, దాన్ని అమ్మ దగ్గరికి తోలేస్తాడు, దాని పీట నాకిస్తాడు. ఎనిమిదేళ్లవాడి లెక్క అంతే. నాన్న వచ్చాడు. కోసిన అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరిపాడు. "కత్తెర తిప్పి కొరికినట్టుండాదే" అన్నాడు. కుడిచేతి కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే గుడ్డ తెగదు, నలుగుతుంది. సంతకం చేసి ఇచ్చినట్టే. నా వైపు చూడకుండా, "పుర్రచేతోళ్లకి వేరే కత్తెర దొరుకుతాది. అడిగి తెస్తాలే" అన్నాడు. ఆ కోతను లోపలికి మడిచి, రావి ఆకు ఆకారంలో మెడ తీసి, మళ్లీ కుట్టుకున్నాడు. ఆ సినిమా విడుదలయ్యాక రాష్ట్రంలో ఆడవాళ్లందరూ ఆ మెడే కుట్టించుకున్నారని నేను చెబుతుంటాను. కుట్టించుకోలేదు. మహారాణి సినిమా అంతా శాలువా కప్పుకునే ఉంది.

మరుసటి నెల కత్తెర నిజంగానే వచ్చింది, పాత పేపరులో చుట్టి. సాయంత్రం బస్టాండులో సరోజ ముఖం ముందు ఆడించాను. "చూసినావా? నాన్న నాకు కొనిచ్చినాడు. నీకు కొనిచ్చినాడా?" అమ్మ పెట్టిన కాటుక సరోజ చెంప మీదికి కారి ఉంది. అమ్మను వదిలి వస్తున్నందుకని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను గెలిచాననుకున్నాను. ఆ కత్తెరతో ఒక్క గుడ్డా కొయ్యలేదు.

పదేళ్లకు తాత పోయాడు. ఈల ఊదేవాళ్లు లేకపోయినా మేము పట్టాలు దాటలేదు. సరోజ పెళ్లిలో మొదటిసారి ఒకే బంతిలో కూర్చుని తిన్నాం. ఆమె పెరుగన్నంలో చక్కెర కలుపుకుంటుందని ఆ రోజే తెలిసింది. వడపళనిలో ఆమె ఇల్లు, మైలాపూరులో మాది. మధ్య బస్సు అరగంట. ఏడాదికి నాలుగుసార్లు కలుస్తాం, మర్యాదగా, వియ్యాలవారిలాగ. నాన్న ఆఖరి రోజులు ఆమె ఇంట్లోనే గడిచాయి. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. చివరి మాటేమిటని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే నా పేరు అందులో ఉండదేమోనని భయం. సునంద పిల్లలు పొద్దున లేస్తే దుప్పటి కోసం కొట్టుకుంటారు, దువ్వెన కోసం కొట్టుకుంటారు, చివరికి కొట్టుకున్నదే మర్చిపోయి ఒకే పళ్లెంలో దోసెలు తింటారు. నాకు సరోజతో కొట్టుకోవడానికి కూడా అయిదు నిమిషాలే ఇచ్చారు. ఏనుగుల బొమ్మల మీద నాకు అసూయ అన్నాను గదా, అది కూడా సగమే నిజం. అసలు అసూయ ఆ దోసెల పళ్లెం మీద.

ఇంత తెలిసినవాణ్ణి, సునందకు నోరు విప్పి చెప్పాలి. చెప్పలేదు. చెబితే రాజాలాగ పెరిగినవాడు ఏమైపోతాడు?

మొన్న ఆదివారం, కాగితం ఇవ్వాల్సిన సోమవారానికి ముందురోజు, పదకొండు గంటలకు సునంద ఇంట్లో అందరం చేరాం. ప్రదీప్ కూడా వచ్చాడు. సునంద మా అక్కను కూడా పిలిచిందని నాకు అక్కడికెళ్లాకే తెలిసింది. సరోజకు డెబ్బై ఏడు. మోకాళ్లు నొప్పులు, నోరు మాత్రం బాగానే ఉంది. సునంద కాగితం చదివి వినిపించింది. మేఘన ఇక్కడ, విహాన్ అక్కడ, నెలకొకసారి మార్పిడి. సరోజ కాఫీ తాగుతూ వింటోంది.

ఇంతలో కిటికీ దగ్గర ఊగే కుర్చీ కోసం పిల్లలిద్దరూ కొట్లాటకు దిగారు. మేఘన కూర్చుంది. విహాన్ కుర్చీని ఒక్క తన్ను తన్ని, "పో డీ! నేను నాన్నతో పూనా పోతా. నువ్వు లేని ఇంటికి పోతా!" అని అరిచాడు.

ప్రదీప్ నిట్టూర్చాడు. "చూశారుగా మావయ్యగారూ, వాడే అంటున్నాడు. పిల్లల ఇష్టమే కదండీ మనకి కావాల్సింది."

"అంతే గదా! అచ్చం నా మాదిరి, నిబ్బరం" అని నేను నవ్వాను. "రాసింది రాసినట్టు ఇచ్చేయండి. మేము పెరగలేదా?"

సరోజ గ్లాసు కింద పెట్టింది. "ఒరే శీనా, ఈ పిల్లకు ఏం చెప్పినావురా నువ్వు?"

"ఉండేదే చెప్పినా. నాన్న నిన్ను అడిగినాడు, నన్ను అమ్మ తీసుకునింది. నన్నెవురడిగినారు?"

"ఎవురు చెప్పినారు నీకు?"

"నేను ఆడనే ఉండా గదా, గోడ దగ్గిర."

"నేనూ ఆడనే ఉండా. నాకు పన్నెండేండ్లు, నీకు ఎనిమిది. ఎవురికి బాగా గుర్తుంటాది?"

సునంద కాగితం ఒళ్లో పెట్టుకుంది. పిల్లలు కుర్చీ వదిలేసి ఇటు చూస్తున్నారు. సరోజ నన్ను కాదు, సునందనే చూస్తూ చెప్పింది.

"మా నాయన ఇద్దర్నీ తనకే ఇమ్మని అడిగినాడమ్మా. మా అమ్మా ఇద్దర్నీ అడిగింది. పొద్దుననుంచి అదే రచ్చ. తాత విసిగిపోయి, చిన్నోణ్ణి అడగండి, వాడు యాడుంటే రెండోది కూడా ఆడనే అన్నాడు. అంటే ఇద్దరం ఒక్కచోటే. అప్పుడు ఈ మహానుభావుడు గోడ గీకతా ఏమన్నాడు? 'సరోజ ఉండే ఇంట్లో నేనుండను' అన్నాడు. మూడుసార్లడిగినారు. మూడుసార్లూ అదే మాట. పాపం ఆ ముసలాయన, పిలకాయ మాట కాదంటే ఏడస్తాడని ఆ టోకెను సంగతి తెచ్చి పెట్టినాడు. నాయన ఆడనే మొగం కప్పుకుని ఏడ్చినాడు. వీడు చూడలా, సున్నం గీకతా ఉండాడు."

నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "చుమ్మా కట్టుకతలు చెప్తా ఉండావు" అన్నాను, అదీ గట్టిగా కాదు.

"నేనేంటికి చుమ్మా చెప్తా? పదిమందికి పది కథలు చెప్పేది నువ్వు." సరోజ మోకాలు పట్టుకుని లేచి, సునంద ఒళ్లోంచి ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు వేసింది. "ఎనిమిదేండ్లోడి మాట విని మా పెద్దోళ్లు ఒకతూరి చెడినారు. డెబ్బై మూడేండ్లోడి మాట విని మీరు చెడబాకండి. ఈ పిలకాయల్ని ఈడ పెట్టుకుంటారో, పూనాలో పెట్టుకుంటారో మీ ఇష్టం. ఇద్దర్నీ ఒక్కచోటే పెట్టండి."